నాలుగు గంటల కూతురు

ఆ సోమవారం ఉదయం రుమ్యానా ఒకటే నిర్ణయించుకుంది: ఈసారి కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసేయాలి. డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఆ వృద్ధాశ్రమంలో ఆయాగా ఆమెకు పద్నాలుగేళ్ల సర్వీసు. పన్నెండు గంటల డ్యూటీలో కుర్చీలన్నీ ముసలివాళ్లను కూర్చోబెట్టడానికే తప్ప ఆమె కూర్చోవడానికి కాదు. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. ఇప్పుడు రాజధాని సోఫియా నుంచి ఆదేశం వచ్చింది. సిబ్బంది పని షరతులు స్పష్టం చేయాలట, ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో రాసివ్వాలట. అంతా చదివితే వాళ్లకే జాలి పుట్టి, కాసేపు కూర్చునే హక్కు రాసిస్తారని ఆమె ఆశ.

పక్కలు మార్చడం, స్నానాలు చేయించడం, సూప్ తాగించడం, ఇలా పదహారు అంశాలు రాసింది. పదిహేడోది: "సాయంత్రం నాలుగింటికి, తొమ్మిదో గదిలో, పది నిమిషాలు నెవెనాగా ఉండుట."

నిజాయితీ ఎక్కువైతే వచ్చే తంటా ఇదే. డైరెక్టర్ లచెజార్ పాండొవ్ మంచివాడే. కాకపోతే కాగితం మీద లేనిదాన్ని నమ్మడు, ఉన్నదాన్ని వదలడు.

"ఈ నెవెనా ఎవరమ్మా? మన రికార్డుల్లో లేదే!"

"తొమ్మిదో గది గెర్గానా బామ్మ కూతురండీ."

"బయటి మనిషితో డ్యూటీ చేయిస్తున్నారా? గుర్తింపు కార్డు పట్టుకుని రేపు నన్ను కలవమను."

"కలవలేదండీ. పోయి పదకొండేళ్లయింది."

డైరెక్టర్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "మరి రోజూ నాలుగింటికి ఎలా వస్తోంది?"

రుమ్యానా చెప్పుకొచ్చింది. రెండేళ్ల కిందట ఒకరోజు బామ్మ ఆమె కేసి చూసి, "నెవెనా, వచ్చావా? ఇలా కూర్చో" అంది. కాదనడానికి నోరు రాలేదు. "వచ్చానమ్మా" అని మంచం అంచున కూర్చుంది. ఆ రోజు నుంచి అదే వరస. బామ్మ ఆమె చేయి నిమురుతూ పాత కబుర్లు చెబుతుంది, ఈమె ఊ కొడుతుంది. తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకున్న రుమ్యానాకు ఆ 'అమ్మా' అనే మాట పూర్తి అబద్ధంలా ఎన్నడూ అనిపించలేదు. ఈ సంగతి మాత్రం ఆమె డైరెక్టర్‌కు చెప్పలేదు.

"నీకు సెలవైన రోజు?"

"ఆ రోజు నెవెనా రాదండీ."

"అంటే సేవలో లోపం!" డైరెక్టర్ పెన్ను తీశాడు. "ఇది డ్యూటీ అయితే అందరికీ వంతులుండాలి. ఒక్కదాని మీదే భారం వేస్తే చట్టం ఊరుకోదు."

"నాకేం భారం కాదండీ, నేనే వెళ్తాను."

"భారం కాదంటే అది పని కాదన్నమాట. పని కానిది డ్యూటీ టైములో చేయకూడదు."

మర్నాటికల్లా గోడకు కొత్త పట్టిక వెలిసింది. నాలుగింటికి రుమ్యానాకు బట్టలు ఉతికే గదిలో పని. కూర్చునే హక్కు కోసం పోతే ఉన్న పది నిమిషాలూ ఊడిపోయాయి. బుధవారం నెవెనా వంతు క్రూమ్‌ది. అతను ఇదివరకు లారీ డ్రైవరు, ఇప్పుడు ఇక్కడ సహాయకుడు. ఆరడుగుల మనిషి, మీసమే జానెడుంటుంది.

"అక్కా, మీసం తీసెయ్యాలా?" అన్నాడు బిక్కమొహం వేసుకుని.

"పట్టికలో అలా లేదు తమ్ముడూ. వెళ్లి కూర్చో, ఊ కొట్టు. అంతే."

క్రూమ్‌ను చూస్తే ముసలావిడ గుండె ఆగిపోతుందని వంటమనిషి సెవ్దాకు భయం వేసింది. తలకు పువ్వుల రుమాలు చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా తానే బయల్దేరింది. సరిగ్గా నాలుగింటికి క్రూమ్ తలుపు తీసి, "వచ్చానమ్మా" అని బొంగురు గొంతుతో అన్నాడు. అతని చంక కిందనుంచి సెవ్దా, "నేనూ వచ్చానమ్మా!" అంది. గుమ్మంలో డైరెక్టర్ గడియారం పట్టుకుని నిలుచున్నాడు. మనసాగక పరుగెత్తుకొచ్చిన రుమ్యానా చేతిలోని తడి దుప్పట్లు ఆయన బూట్లమీదే కారుతున్నాయి.

గెర్గానా బామ్మ అందరినీ మార్చి మార్చి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"నాకు ఒక్కతే కూతురు బాబూ. నా చేతుల్లోనే పోయింది. అది మర్చిపోయే అదృష్టం నాకెక్కడిది?"

డైరెక్టర్ గతుక్కుమన్నాడు. "మరి రోజూ ఈవిణ్ణి నెవెనా అని ఎందుకు పిలుస్తున్నారు?"

"దాని మోకాళ్లు చూశావా ఎప్పుడైనా? 'రుమ్యానా, కాసేపు కూర్చోవే' అని నెల్లాళ్లు బతిమాలాను. 'పనుంది బామ్మా' అని పోయేది. నాకు మతి పోతే గానీ అది కూర్చోదని అర్థమైంది. సరే, పోగొట్టుకున్నాను." ఆవిడ గొంతు తగ్గింది. "అబద్ధమెందుకు, నన్నూ ఓ పది నిమిషాలు అమ్మా అనేవాళ్లు ఉండేవాళ్లు."

రుమ్యానాకు ఏడుపు ముంచుకొచ్చింది. తానే ఆ ముసలి ప్రాణాన్ని కనిపెట్టుకుని ఉన్నానని రెండేళ్లూ అనుకుంది. డైరెక్టర్ కూడా ముక్కు చీదుకున్నాడు. అయినా ఆయన ఆయనే. బామ్మ మతి స్థిమితంగా ఉందని తేలింది కాబట్టి పదిహేడో అంశం అక్కర్లేదని అక్కడికక్కడే కొట్టేశాడు. పాపం, విశ్రాంతి కూడా రాయించాడు, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా. మంచం దిగలేని పదకొండు మందికి ఆమె సూప్ తాగించేది సరిగ్గా అప్పుడే.

మర్నాడు నాలుగింటికి తొమ్మిదో గదిలోంచి పిలుపు వచ్చింది.

"రుమ్యానా, కాసేపు కూర్చోవే."

ఉతికిన దుప్పట్లతో వెళ్తున్న ఆమె గుమ్మం దగ్గర ఆగింది. 'అమ్మా' అందామనుకుంది. సంగతి ఇద్దరికీ తెలిసిపోయాక ఆ మాట నాలుక మీదికి రాలేదు.

"పనుంది బామ్మా" అంది.

ఆ ఆశ్రమంలో ఆయాల పని షరతుల్లో స్పష్టంగా లేనివి ఆ పది నిమిషాలే. ఇప్పుడు అవీ స్పష్టమైపోయాయి.