గంధం రంగు ఇల్లు

మట్టెవాడలోని మా త్రీడీ స్టూడియోలో ఇకమీదట ఎరుపు ఎరుపుగానూ, పసుపు పసుపుగానూ మాత్రమే కనపడునని ప్రజలకు సవినయంగా తెలియజేయడమైనది.

ఇంతకుముందు అలా ఉండేది కాదని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. కట్టబోయే ఇల్లు కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్లో ముందే బొమ్మ చేసి చూపించడం మా వృత్తి. నా తెర మీద మీగడ రంగులో ఉన్న గోడ, మా దగ్గర పనిచేసే రాకేష్ ల్యాప్‌టాప్‌లో నిమ్మపండు అయ్యేది. ప్రింటు తీస్తే బురద. ఏది అసలు రంగని అడిగినవారికి, అసలుది ఇంకా బాగుంటుందని చెప్పి పంపేవాణ్ణి. జనం నమ్మేవారు. మంచివాళ్ళు.

అయితే జ్ఞానం ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. యూట్యూబులో ఎవరో గడ్డం ఆయన రంగుల క్రమశిక్షణ గురించి చెప్పగా విని, నేను మారిన మనిషినయ్యాను. తెర రంగులు కొలిచే పరికరం తెప్పించాను. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చే ప్రతి ఫొటో తన రంగులు ఏ లెక్కలో ఉన్నాయో చెప్పుకున్నాకే లోపలికి రావాలని ఆజ్ఞాపించాను. అన్ని కంప్యూటర్లలో ఒకే సెట్టింగు. గోడల రంగు కంటిని మోసం చేస్తుందట, అందుకని గదికి బూడిద రంగు వేయించాను. కిటికీలకు నల్లగుడ్డ కట్టాను. చొక్కా ప్రతిబింబం తెర మీద పడకూడదని నేను కూడా బూడిద చొక్కాల్లోకి మారాను. మా ఆవిడ శ్రీలత వచ్చి చూసి, ఎవరు పోయారని మెల్లగా అడిగింది. విజ్ఞానశాస్త్రానికి ఇంట్లో గౌరవం ఉండదు.

ఆ చీకటి గదిలోకి వచ్చిన మొదటి అదృష్టవంతులు కృపానందం గారు, మార్తమ్మ గారు. ఆయన డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఇక రంగులే మిగిలాయి. వచ్చే ఆదివారం పాస్టరు గారొచ్చి ప్రార్థన చేసి గృహప్రవేశం చేయిస్తారు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ రైల్వే క్వార్టర్లలో సర్కారు వేసిన రంగు మధ్యనే బతికిన మార్తమ్మ గారికి ఒకటే కోరిక. తన ఇంటికి తాను ఎంచుకున్న రంగు ఉండాలి. లేత గంధం రంగు.

చూపించాను. కొలిచి, సరిచూసి, ధ్రువీకరించిన గంధం. ఆమె చాలాసేపు చూసింది.

"ఈ చీకట్ల ఏం తెలుస్తది బిడ్డా. జర బయటికి దే, ఎండల చూద్దాం."

ఇక్కడ పాఠకులు నన్ను అర్థం చేసుకోవాలి. మాది బట్టల కొట్టు కుటుంబం. మా నాన్న తన జన్మలో ఏ చీరనూ గడప దాకా తీసుకెళ్ళి వెలుగులో చూపించకుండా అమ్మలేదు. ఎండలో చూద్దామని ఒక ఆడమనిషి అడిగాక కాదనడం మా రక్తంలో లేదు. ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, ఆ క్రమశిక్షణ గల తెరను ఎత్తుకెళ్ళి, మిట్టమధ్యాహ్నం వీధి అరుగు మీద పెట్టాను.

తెరలో మా మొహాలు తప్ప ఏమీ కనపడలేదు. వెలుతురు చివరిదాకా పెంచాను. గోడ వెలిసిపోయిన సున్నంలా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో రంగు కొంచెం చిక్కబరిచాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకొంచెం చిక్కబరిచాను. అప్పటికి వీధి వీధంతా చేరి, తలా ఒక సలహా ఇచ్చింది. చివరికి ఆ ఎండలో అందరికీ లేత గంధమే కనపడింది. మార్తమ్మ గారి మొహం విప్పారింది. ఆ విప్పారిన మొహాన్ని ప్రమాణంగా తీసుకుని ఫైలును ఖరారు చేసి రంగుల దుకాణానికి పంపాను.

మా వ్యవస్థ ఎంత గొప్పదో అప్పుడు తేలింది. నా ఫైలులో ఏ రంగు ఉందో దుకాణం తెర మీద అదే వచ్చింది, డబ్బాలో అదే కలిసింది, గోడ మీదికి అదే ఎక్కింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ముద్ద పసుపు.

ఆదివారం ప్రార్థన అయ్యాక నేను ఆమె ముందు నిలబడి ప్రసంగించాను. "అమ్మా, ఈ వర్ణం అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడి, పరికరముచే పరీక్షింపబడి, ఆమోదింపబడినది. లోపం ఎక్కడా లేదు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"గట్లనా బిడ్డా," అంది. "క్వార్టర్లల్ల సర్కారోళ్లు గూడ గిట్లనే చెప్తుండిరి."

మిగతా ప్రసంగం మానేశాను. బిర్యానీ మాత్రం తిన్నాను.

రాలేకపోయిన చుట్టాలు ఇంటి ఫొటో అడుగుతున్నారట. ఆ గోడను ఫొటో తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. మొదట చీకటి గదిలో చూపిన బొమ్మ ఉంటే పంపమంది. పంపాను. అంతటితో ఊరుకోకుండా, అదే బొమ్మను 'మేము పూర్తి చేసిన గృహం' అని మా స్టూడియో పేజీలోనూ పెట్టాను. మెచ్చుకోళ్ళు కురిశాయి. కొత్త పనులు వచ్చాయి. రంగుల విషయంలో మమ్మల్ని మించినవారు లేరని పేరొచ్చింది. రంగు అదిరిందని రాసినవారిలో ఆ పసుపు గోడకు ఎదురింటివాళ్ళు, రోజూ పొద్దున్నే తలుపు తీస్తే దాన్నే చూసేవాళ్ళు, ఉన్నారు. గుర్తు చేసుకోండి, మీరు కూడా ఉన్నారు.