ముందుచూపు కోరుతూ ఒక దరఖాస్తు

మన ఫైలును మనమే చూడలేనంత భద్రంగా దాచుకోవడం నాగరికతకు పరాకాష్ఠ. ఆ శిఖరాన్ని మా ఆఫీసు రెండు నెలల కిందట, ఒక సోమవారం పొద్దున పదిన్నరకు అందుకుంది. ఆ రోజు కంప్యూటర్లన్నిటిలో ఫైళ్లకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. (దొంగలు ఇంతవరకూ మా ఫైళ్ల వైపు కన్నెత్తి చూడలేదు. మేము చూసిందీ తక్కువే.)

అంతకుముందు ఫైలు పేరు మీద నొక్కితే చాలు, తెరవకుండానే అందులో ఏముందో పక్కన కనబడేది. దాన్ని ప్రివ్యూ అంటారు. మా భాషా సంఘం ఏడుసార్లు సమావేశమై దాన్ని 'ముందుచూపు' చేసింది. తాళాలు పడ్డాక ఆ చోట బూడిదరంగు గడి, అందులో 'ముందుచూపు లేదు' అన్న ముక్క మిగిలాయి.

దెబ్బ మా టైపిస్టు అక్కయ్యకు తగిలింది. ఆరేళ్లుగా ఆవిడ ఇక్కడ, భర్త వేరే ఊళ్లో. బదిలీ దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి. దానికి జతచేయాల్సిన పెళ్లి సర్టిఫికెట్టేమో 'స్కాన్ 1' నుంచి 'స్కాన్ 340' దాకా ఉన్న ఫైళ్లలో ఎక్కడో ఉంది. ఒక్కొక్కటి తెరవాలంటే పదహారు అక్షరాల పాస్‌వర్డు, నాలుగు నిమిషాల ఓర్పు కావాలి.

"మళ్లీ పెళ్లి చేసేసుకుందామా? అదే త్వరగా తేలేట్టుంది," అన్నాడు భర్త ఫోన్లో.

"మీకు వేళాకోళంగా ఉందా? నాకిక్కడ ఏడుపొస్తోంది!"

ఆవిడ ఫిర్యాదు ఫారం నింపింది: 'నాకు ముందుచూపు లేదు. వెంటనే ఇప్పించగలరు.' అది కంప్యూటర్ల విభాగానికి బదులు సిబ్బంది విభాగానికి చేరింది. అక్కడి అధికారి స్వయంగా మెట్లు దిగి వచ్చాడు.

"ముప్పయ్యేళ్ల సర్వీసులో ఈ మాట ఒప్పుకున్న మనిషిని చూళ్లేదమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"సార్, లేనిది నాక్కాదు, కంప్యూటరుకి!"

"పైగా వినయం!" అని అదీ రాసుకుని వెళ్లాడు.

నాలుగున్నరకు కంప్యూటర్ మెకానిక్ దొరికాడు. సెట్టింగుల్లోకి వెళ్లి, 'తాళం వేసిన ఫైళ్లకూ ముందుచూపు ఇవ్వు' అన్నచోట టిక్కు పెట్టాడు. అంతే.

"ఇంతేనా? పొద్దున్నే చెప్పొచ్చుగా బాబూ!" అంది అక్కయ్య.

"సర్క్యులర్ పంపామండీ. దానిక్కూడా తాళం పడింది."

స్కాన్ 287లో పెళ్లి బయటపడింది. "దొరికిందర్రా!" అని ఆవిడ కేకేస్తే ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. నాకూ భలే సంతోషమేసింది. గడువుకు నాలుగు నిమిషాల ముందు దరఖాస్తు వెళ్లింది.

నిన్న ఆర్డరు వచ్చింది. భర్త ఉన్న ఊరికే బదిలీ, ఆపైన ప్రమోషను: అక్కడి ప్రణాళికా విభాగానికి అధిపతి. ఆ పోస్టుకు పోటీపడ్డ మిగతావాళ్లకూ ముందుచూపు లేదట గానీ, రాతపూర్వకంగా రుజువు చూపింది ఈవిడ ఒక్కతే.