అంటుకుంటేనే వేడెక్కే గిన్నె

ఇవాళ ఎలాగైనా ఇండక్షన్ స్టవ్ కొనెయ్యాలని ఆ శనివారం పొద్దున్నే శాలేమురాజు నిశ్చయించుకున్నాడు. భార్య సుజన రోజూ తెనాలి నుంచి రైల్లో బాపట్ల వెళ్లి బడిలో లెక్కలు చెప్పి వస్తుంది. ఉన్న రెండు పొయ్యిల మీద టిఫిను, అన్నం, కూర, చారు ముగించి నాలుగు క్యారేజీలు సర్దేసరికి రైలు వెళ్లిపోతోంది. ఇంకోసారి ఆలస్యమైతే మెమో ఇస్తానని హెడ్మాస్టరు చెప్పేశాడు కూడా.

మధ్యాహ్నం భోంచేసి కొట్టుకు వెళ్లాడు. తడిచేత్తో నొక్కినా మొరాయించని బటన్లున్న స్టవ్ ఏరుకున్నాడు.

"గిన్నె అడుగున అయస్కాంతం అంటుకోవాలండి. అంటుకుంటేనే వేడెక్కుద్ది," అంటూ కొట్టతను చిన్న అయస్కాంతం కూడా ఇచ్చాడు.

ఇంటికొచ్చి చూస్తే ఒక్క గిన్నెకీ అది అంటుకోలేదు. అవన్నీ రేపల్లెలో ఉండే అత్తగారు లక్ష్మమ్మ కొనిపెట్టినవి. ఆవిడకే ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, మీరిచ్చిన గిన్నెలు పనికిరావటం లేదండి. వేరేవి ఏమన్నా ఉన్నాయా?"

"పదకొండేళ్లు వండుకు తిన్నాక ఇప్పుడు పనికిరాలేదా బాబూ? బస్సెక్కుతున్నా," అని పెట్టేసింది.

ఆవిడ రాగానే స్టవ్ వెలిగించి చూపిస్తే గొడవ ఉండదనుకుని, గిన్నె అరువు తెద్దామని పక్కింటికి పరుగెత్తాడు. కనకలక్ష్మిగారింట్లో చుట్టాలు కాఫీలు తాగుతున్నారు. గట్టు మీద బోర్లించిన గిన్నెలకు అయస్కాంతం టక్కున అతుక్కుంది.

"పిన్నిగారూ, మీవాటికి అన్నిటికీ అంటుకుంటోందండి," అన్నాడు సంబరంగా.

కనకలక్ష్మి ముఖం మాడిపోయింది. అయస్కాంతం అంటుకున్నది నాసిరకం స్టీలని ఆవిడకు తెలుసు. చుట్టాలకూ తెలుసు.

"అంటుకుంటేనే మంచిదండి. మావాటికి అసలు అంటుకోవటమే లేదు," అని సర్దిచెప్పబోయాడు.

"అంటే మీవి మేలిరకం, మావి కాదనేగా? పద, చూద్దాం," అంటూ ఆవిడ గిన్నెలన్నీ సంచిలో వేసుకుని చుట్టాలతో సహా కదిలింది.

సుజన బడి నుంచి వచ్చేసరికి హాలు నిండా గిన్నెలే. ఒక మూల వాళ్లమ్మ, ఇంకో మూల కనకలక్ష్మి, మధ్యలో చెమటలు కక్కుతూ భర్త. అందరి మాటా ఓపిగ్గా వింది.

"అమ్మా, నీవి మేలిరకం, అందుకే అంటుకోలేదు. పిన్నిగారూ, ఈ స్టవ్‌కి మీవే కావాలండి. మావి రెండు తీసుకుని మీవి రెండు ఇస్తారా?"

మాట పూర్తికాకముందే కనకలక్ష్మి పెద్దవి రెండు ఏరుకుంది.

మేలిరకం అన్న మాటకు లక్ష్మమ్మ చల్లబడి, కొత్త స్టవ్ మీద తనే టీ పెట్టింది. రెండు నిమిషాల్లో పొంగింది. "మంట లేదు, మసి లేదు. నాలాంటిదానికి ఇదేగా కావాల్సింది," అంది.

ఆదివారం చర్చి అయ్యాక స్టవ్‌నీ, మార్చుకున్న గిన్నెల్నీ సంచిలో సర్దుకుని రేపల్లె బస్సెక్కింది. పనికిరావన్న నోటితో కాదనలేక శాలేమురాజే సంచి మోసి, సీటు కూడా పట్టాడు.

సోమవారం ఐదింటికే సుజన అతన్ని లేపి కత్తిపీట, దొండకాయలు ముందు పెట్టింది.

"తరిగినవి ఏ గిన్నెలో వెయ్యను?" అనడిగాడు.

"ఏదైనా పర్వాలేదండి."

రెండు వేళ్లు తెగాయి గాని, రైలు అందింది.