మోంతారెల్ కోట దొంగ గూళ్ళు

మంగళవారం ఉదయం కాఫీలో రొట్టె ముంచుకుంటున్న గొంత్రాన్ ద మోంతారెల్ ఆ రోజు చేయదలచిన పని ఒక్కటే: భోజనశాలలో కారుతున్న కప్పు కింద పెట్టిన పదకొండు బాల్చీలను పారబోయడం. కోటకు ప్రభుత్వ రక్షణ లభిస్తే కప్పు మరమ్మతుకు సాయం అందుతుంది. లభించకపోతే రాబోయే చలికాలానికి బాల్చీలు చాలవు. ఆ సంగతి తేల్చడానికి పురాతన కట్టడాల అధికారిణి మదాం లెస్కూర్ శుక్రవారం రానున్నది. ఆమె ఉత్తరం అప్పుడే అందింది. "మీ పావురాల గోపురంలోని గూళ్ళను ప్రత్యేకంగా చూడదలచాను" అని అందులో ఉంది.

రొట్టె చెయ్యి జారి కాఫీలో మునిగిపోయింది.

ఫ్రాన్సులోని ఆ కెర్సీ సీమలో పూర్వం దొరలు ఎకరానికొక పావురపు గూడు చొప్పున కట్టుకునేవారు. వియ్యమందదలచినవారు పిల్లను చూడడానికి ముందే గూళ్ళను లెక్కపెట్టేవారు. మోంతారెల్ వారికి ఉన్నవి నాలుగు వందల ఎకరాలు. గోపురంలో ఉన్నవి పన్నెండు వందల గూళ్ళు. వాటిలో ఎనిమిది వందలు బెత్తెడు లోతైనా లేనివి, పావురం తోక కూడా పట్టనివి. వాటిని చూపించి ఆ వంశం మూడు తరాలపాటు ఘనమైన సంబంధాలు చేసుకున్నది.

"దొరికిపోయాం అక్కా! మనది మోసగాళ్ళ కొంపని రాసుకుపోతుంది."

"మూడొందల ఏళ్ళ కిందటి మోసానికి నీకెందుకురా చెమటలు?" అన్నది అక్క ఎర్మాన్స్. "పూడ్పించెయ్. శుక్రవారానికి నిజాయితీపరులమైపోతాం."

తాపీ మేస్త్రీ ఫిర్మిన్‌ను పిలిపించారు. దొంగ గూడును గుర్తుపట్టే ఉపాయం గొంత్రాన్ తానే చెప్పాడు. "లోపల చెయ్యి పెట్టి చూడు. మోచేతి దాకా దూరకపోతే సున్నం పెట్టి పూడ్చెయ్."

చెప్పినవాడి చెయ్యి వెదురుబద్ద. విన్నవాడి చెయ్యి వేలాడదీసిన పందితొడ. గురువారం మధ్యాహ్నానికి గోపురంలో మిగిలినవి నూట పది గూళ్ళు.

"నూట పదా!" ఎర్మాన్స్ గుండె పట్టుకున్నది. "ఇప్పుడు మనల్ని పాలేళ్ళనుకుంటుంది. అసలైనవి కూడా మింగేశావేమయ్యా?"

"మోచేతి దాకా అన్నారు దొరగారు. ఎవరి మోచెయ్యో చెప్పలేదు" అన్నాడు ఫిర్మిన్. "నాది తిని పెరిగిన చెయ్యమ్మా."

అసలైనవాటిని తెరవడానికి సుత్తీ ఉలీ లేచాయి. అప్పటికే బిగిసిన సున్నం ఒంటరిగా ఊడిరాలేదు. పక్క గూటి గోడను వెంటబెట్టుకుని వచ్చింది. సాయంత్రానికి మూడేసి గూళ్ళు కలిసి ఒక్కటయ్యాయి.

"పావురాలకు కాకపోతే కొంగలకు పనికొస్తాయి దొరా" అని ఫిర్మిన్ ధైర్యం చెప్పాడు.

శుక్రవారం మదాం లెస్కూర్ గోపురం మధ్య నిలబడి ఒక చుట్టు తిరిగింది.

"దొంగ గూళ్ళేవండీ?"

"దొంగ గూళ్ళా? మా వంశంలోనా?" గొంత్రాన్ నిటారుగా నిలబడ్డాడు.

"అయ్యో, వాటికోసమే గదా వచ్చింది! అసలు గూళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. పెళ్ళిళ్ళకోసం ఎనిమిది వందలు కల్పించినవాళ్ళు మీరొక్కరే. కోటకు రక్షణ అడగడానికి నాకున్న ఆధారం అదే."

గొంత్రాన్ ఫిర్మిన్ వైపు చూశాడు. ఫిర్మిన్ తన చేతి వైపు చూసుకున్నాడు.

"ఉన్నాయండీ... సున్నం కింద... భద్రంగా" అన్నాడు గొంత్రాన్, నిటారుతనం సడలించి. తరువాత నిజమంతా చెప్పేశాడు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వింది.

"ఒకే గోపురంలో రెండు అబద్ధాలు! అప్పుడు ఉన్నదానికంటే ఎక్కువని, ఇప్పుడు తక్కువని. రెండూ చరిత్రేనండీ. ఇంక దేన్నీ ముట్టుకోకండి."

నవంబరులో నిర్ణయం వచ్చింది. గోపురానికి, ఫిర్మిన్ పెట్టిన సున్నంతో సహా, సంపూర్ణ రక్షణ. కోట మాత్రం ముత్తాత కాలంలో తగలబడి మళ్ళీ కట్టినది కాబట్టి చెప్పుకోదగ్గ విశేషం లేదు, రక్షణా లేదు. దొంగ గూళ్ళు చెక్కుచెదరక ఉండి ఉంటే వాటి పుణ్యాన కోటను కూడా పరిశీలించేవారు.

వసంతంలో ప్రభుత్వ పనివారు వచ్చి గోపురానికి కొత్త కప్పు వేశారు. పాతది ఎన్నడూ ఒక్క చుక్క కారలేదు.