అమ్మేసిన అల్మరా

ఆ ఉదయం ఎఫ్రాయిమ్ ఫెల్డ్‌మన్ పెట్టుకున్న పనులు చిన్నవే. ప్రార్థనకు వెళ్లి రావాలి, కారు సీట్ల కింద పిల్లలు రాల్చిన బిస్కెట్ ముక్కలు ఏరాలి, ఇంట్లో మిగిలిన గోధుమ సరుకంతా పక్కింటాయనకు అమ్మేయాలి. సాయంత్రం నుంచి వాళ్లకు పస్కా పండుగ. ఆ వారమంతా నిష్ఠగల యూదులు గోధుమతో, బార్లీతో చేసి పులిసినవేవీ తినకూడదు. తినకపోవడమే కాదు, అసలు తమ సొత్తుగా ఉంచుకోకూడదు. బ్రెడ్డు, పాస్తా, మైదా, ఆఖరికి బార్లీతో కాచే విస్కీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అంతా పారబోయలేరు గనుక అల్మరాలో పెట్టి తాళం వేసి, యూదుడు కాని మనిషికి అమ్మేసి, పండుగ వెళ్లాక తిరిగి కొనుక్కుంటారు. అయితే ఆ అమ్మకం ఉత్తుత్తిది కాకూడదు. "ఇంకా నాదే" అన్నట్టు ప్రవర్తిస్తే అది చెల్లదు, ఆ సరుకు మరి పనికిరాదు.

ఏటా కొనే పోస్ట్‌మన్ రిటైరై ఫ్లోరిడాకు వెళ్లిపోవడంతో ఎఫ్రాయిమ్ దృష్టి వాసుదేవరావు మీద పడింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయనది పక్కిల్లే. కార్ల బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు, శాకాహారి, మందు వాసన పడదు. ఇంతకన్నా భద్రమైన బేరం మిషిగన్‌లో దొరకదనుకున్నాడు ఎఫ్రాయిమ్. వాళ్ల ప్రార్థనామందిరం సినగాగ్‌లో తక్కిన కుటుంబాల సరుకును కూడా అక్కడి మతగురువు రబ్బీ అదే బేరంలో కలిపి వాసుదేవరావుకే అమ్మేశాడు.

ఎఫ్రాయిమ్ అల్మరాలో ఒక చెక్కపెట్టె ఉంది. అందులో విస్కీ బాటిల్. పెద్దకూతురు తోవా పుట్టిన రోజున మామగారు జల్మన్ ఇచ్చింది, తోవా పెళ్లిలో తెరవాలని ఆజ్ఞ. పెళ్లి వచ్చే నెలలోనే. ఎఫ్రాయిమ్ ఈ లోకంలో దేవుడికి, ఆ తర్వాత మామగారికి భయపడతాడు. ఆ మామగారు పండుగకని వచ్చి ఇంట్లోనే ఉన్నాడు.

వాసుదేవరావు రబ్బీ చెప్పిందంతా శ్రద్ధగా విని, అల్మరా తాళంచెవి పుచ్చుకుని ఇంటికొచ్చాడు. వాళ్ల విస్కీ మనకెందుకని భార్య భానుమతి విసుక్కుంది.

"కొన్నానంటే కొన్నాను. ఊరికే తల ఊపి రావడానికి నేనేమన్నా డూడూ బసవన్ననా?" అన్నాడాయన.

పండుగ మొదలైన మూడో నాడు భానుమతి బొబ్బట్లకు పూనుకుంది. నేపర్‌విల్ నుంచి ఆమె తమ్ముడు రామమోహన్ వస్తున్నాడు. చూస్తే డబ్బాలో మైదా నిండుకుంది. వాసుదేవరావు స్టోర్‌కి బయల్దేరబోయి, తనకు బోలెడు మైదా ఉందని గుర్తు తెచ్చుకున్నాడు. ఎఫ్రాయిమ్ భార్య మిరియం తలుపు తీసి, తాళంచెవితో నిలబడ్డ పెద్దమనిషిని చూసి తెల్లబోయి పక్కకు తప్పుకుంది. ఆయన తన మైదా తాను తెచ్చుకున్నాడు.

ఎవరింటి పిండితో చేసినవి వాళ్లకు పెట్టకుండా తినడం మర్యాద కాదని భానుమతి పళ్లెం నిండా బొబ్బట్లు పట్టుకెళ్లింది. మిరియం గుమ్మంలోనే రెండు చేతులూ అడ్డం పెట్టి, ఏడవలేక నవ్వుతూ సంగతి చెప్పింది. వెనకాల పిల్లలు లొట్టలు వేస్తున్నారు. భానుమతికి ప్రాణం ఉసూరుమంది.

"పాపం పసివాళ్లండీ. మన సరుకు వాళ్ల కళ్లెదుట పెట్టి ఊరించడం ఏం న్యాయం? అంతా మన గరాజ్‌కి షిఫ్ట్ చేసేయండి" అంది మొగుడితో.

న్యాయం అన్నాక వాసుదేవరావు ఆగడు. తోపుడు బండి తెచ్చాడు. పాస్తా పోయింది, బీరు పోయింది, ఆ వెనక చెక్కపెట్టె బండెక్కింది. ఎఫ్రాయిమ్ పరుగున లోపలికి వెళ్లి రబ్బీకి ఫోన్ చేశాడు. ఆయన వస్తువు ఆయన పట్టుకెళితే నువ్వు మొహం మాడ్చుకోకూడదు, అడ్డుపడ్డావో అందరి అమ్మకమూ గంగలో కలుస్తుంది, అని రబ్బీ ఖండితంగా చెప్పాడు. ఎఫ్రాయిమ్ వెళ్లి నవ్వుమొహంతో తలుపు పట్టుకున్నాడు.

విచిత్రంగా జల్మన్ తనే పెట్టెను బండి మీద సర్దాడు.

"అమ్మిందంటే అమ్మిందే. ధర్మానికి అడ్డం రాకు అల్లుడూ" అన్నాడు. మామగారి నిష్ఠ ముందు తన భక్తి ఏపాటిదని ఎఫ్రాయిమ్ సిగ్గుపడ్డాడు.

మర్నాడు రామమోహన్ దిగాడు. గరాజ్‌లో పెట్టె చూడగానే అతని కళ్లు మెరిశాయి. తాగకపోయినా వాసుదేవరావుకు అది తన సొత్తన్న గర్వం ఉంది. మర్యాద కోసం కంచె దగ్గరికి వచ్చి ఎఫ్రాయిమ్‌ను పిలిచాడు.

"మా బావమరిది ఆ బాటిల్ ఓపెన్ చేస్తానంటున్నాడు. మీకేం అబ్జెక్షన్ లేదు కదా?"

ఎఫ్రాయిమ్‌కు కూతురి పెళ్లి కళ్ల ముందు ఆడింది. ఈసారి మాత్రం జల్మన్ అడ్డుపడ్డాడు. కావాలంటే నేపర్‌విల్ పట్టుకెళ్లి అక్కడ తాగమను, ఇక్కడ తెరవద్దను, అని అల్లుడి చొక్కా పట్టుకు లాగాడు. మనవరాలి మీద ప్రేమ కాబోలనుకుని ఎఫ్రాయిమ్ కళ్లు చెమర్చాయి.

"మీరే కదా మామయ్యా చెప్పారు, అమ్మిందంటే అమ్మిందే" అని ఓదార్చి, "అది మీ బాటిల్, మీ ఇష్టం" అన్నాడు కంచె అవతలికి.

రామమోహన్ బాటిల్ తెచ్చి కంచె దగ్గరే పోసుకుని ఒక గుక్క తాగాడు. ఆగి, ఇంకో గుక్క తాగాడు.

"బావగారూ, ఇది టీ."

భానుమతి వాసన చూసి, అవునంది. వాసుదేవరావు బిరడా తిప్పి చూసి, సీలు ఎప్పుడో కోసేశారన్నాడు. అందరూ జల్మన్ వైపు తిరిగారు. కూతురింటికి వచ్చినప్పుడల్లా సరుకు బాగుందో లేదో చూడటం తన బాధ్యత అనుకున్నానని, అలా చూస్తూ చూస్తూ ఉండగా అది అయిపోయిందని ఆయన ఒప్పుకున్నాడు.

వాసుదేవరావు మాత్రం నవ్వలేదు. తనకు విస్కీ అని చెప్పి టీ అంటగట్టారు గనుక అసలు బేరమే చెల్లుతుందా అని అడిగాడు. సినగాగ్ మొత్తం పండుగ ఆ ప్రశ్న మీద వేలాడుతోంది. ఎఫ్రాయిమ్ మళ్లీ రబ్బీకి ఫోన్ చేసి, మామగారి బండారంతో సహా అంతా విన్నవించాడు.

తక్కిన సరుకంతా చెప్పినట్టే ఉంది గనుక అమ్మకానికొచ్చిన లోటేమీ లేదన్నాడు రబ్బీ. టీకి పస్కాలో ఏ నిషేధమూ లేదు గనుక, ఆ బాటిల్‌ను మాత్రం అసలు అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకోవలసిందట.