పాత కాలు జమ చేయవలెను

ఆ రోజు పొద్దున చెప్పుల షాపాయన చేతిలో ఉన్న సరుకు ఇదీ: ఆరేళ్లుగా వస్తున్న 'ఊతం' భృతి, సొంత ఎడమ కాలు, సర్కారు ఇచ్చిన కుడి కాలు, ఆ రెంటికీ కలిపి ఒక జత నల్ల బూట్లు. భృతి షాపు అద్దెకు సరిపోయేది. కాళ్లు బేరాలకు సరిపోయేవి.

"నేటితో ఊతం రద్దు. దాని స్థానంలో 'ముందడుగు' వస్తుంది. మీరెవరూ కదలక్కర్లేదు, అంతా ఆటోమేటిక్!" అని మంత్రిగారు టీవీలో సెలవిచ్చారు. ఇంత చిన్న మాట జనానికి అర్థం కావాలని పాపం నలభై నిమిషాలు శ్రమపడ్డారు.

ఆటోమేటిక్ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికి షాపాయన ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. నాలుగోసారి గుమాస్తా సీట్లో ఉన్నాడు.

"అర్హతకి పన్నెండు మార్కులు రావాలండీ. మీకు మూడే. శుభ్రంగా నడుస్తున్నారు కదా!"

"నడిచే కాలు మీరిచ్చిందే కదయ్యా."

"అదే చిక్కు. అది ఊతం వారి ఆస్తి. పాత కాలితో కొత్త పథకంలోకి రాకూడదు. జమ చేసేయండి. కాలు లేకపోతే మార్కులూ పడతాయి. కొత్త కాలు అందిన నెల నుంచి భృతి కూడా."

షాపాయన బేరం తూచి చూశాడు. భృతి పోతే షాపు పోతుంది. కాలు పోతే పై అరల్లో పెట్టెలు దించడమే కష్టం.

"ఏమయ్యా, కాలు కుదువ పెట్టొస్తావా?" అంది భార్య.

"కొత్తది ఇస్తారటే, తొందర్లో."

"మంచిది. తొందర్లో పై అరలు నువ్వే దులుపుదువుగాని."

ఆఫీసులో గుమాస్తా ఆ కాలికి నంబరు వేసి బీరువాలో పెట్టాడు.

"బూటు నాదయ్యా!"

"కాలితో వచ్చింది కాలితోనే ఉండాలండీ. విడదీయాలంటే పైనుంచి ఆర్డరు రావాలి."

ఈసారి చంకకర్రల మీద వెళితే మార్కులు వేసే డాక్టరమ్మ పద్నాలుగు వేసింది. చదువుకునే రోజుల్లో కూడా ఆయన ఇంత బాగా పాసవలేదు.

మూడు నెలలు భార్యే పెట్టెలు దించింది. అద్దె మూడు నెలలూ నిలిచిపోయింది. ఆఖరికి మంత్రిగారి సభ జరిగింది. రంగు కాగితం చుట్టిన కాలిని ఆయన స్వహస్తాలతో అందించారు. షాపాయన కాగితం విప్పాడు. కాలికి కొత్త రంగు వేశారు. తోలు పట్టీ మీద మాత్రం పసుపు దారం కుట్టు అలాగే ఉంది. రెండేళ్ల కిందట నల్ల దారం అయిపోతే ఆయన తన చేత్తో వేసుకున్న కుట్టు అది. బూటు లేదు.

"నడువు పెద్దాయనా, జనం చూడాలి!" అన్నారు మంత్రిగారు.

వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ చివర గుమాస్తా కాగితంతో నిలబడి ఉన్నాడు.

"అభినందనలండీ! ముందడుగు సాధించిన తొలి విజయం మీరే. నడిచేశారు కాబట్టి ఫైలు క్లోజ్. ఇక్కడ సంతకం."

"మరి భృతి?"

"నడిచేవాళ్లకి భృతి ఎందుకండీ?"

నెలాఖరున షాపు ఖాళీ చేస్తూ ఆయన చివరి నల్ల బూట్ల జత విప్పి, కుడిది సర్కారు కాలికి తొడిగాడు.

"మరి ఎడమది?" అంది భార్య, పెట్టెలకు తాడు కడుతూ.

ఎడమ కాలికి పాతదే బాగుంది. ఆయన చేతిలోని బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆరేళ్ల ఊతం, మూడు నెలల ముందడుగు కూడితే చేతికి వచ్చింది అదే: ఏడో నంబరు, ఎడమది, కొత్తది.

"లాభం," అన్నాడు.