ఇంటికో విప్పేసిన ఇంజన్

సంసారం చల్లగా సాగాలంటే ప్రతి ఇంట్లో ఒక పాత కారు ఇంజన్ విప్పి పడేసి ఉండాలి! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. నమ్మకపోతే మా అక్క ఇంటికి రండి. కాకపోతే నిలబడే మాట్లాడాలి, కుర్చీల్లో పిస్టన్లు కూర్చుని ఉన్నాయి.

కారు అక్కది. నాన్న ఆ కారు మీదే అక్కకి డ్రైవింగ్ నేర్పాడు, పోతూ పోతూ అక్కకే ఇచ్చాడు. అక్క ఫిజియోథెరపిస్టు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కాళ్ళకీ చేతులకీ వ్యాయామం చేయిస్తుంది. కారు లేకపోతే ఆ పని సాగదు. అలాంటి కారు ఇంజన్‌ని బావ ఓ ఆదివారం వీడియో చూసి విప్పేశాడు. వీడియోలో చొక్కాకి మరకైనా అంటని పెద్దమనిషి ఒకాయన ఇది చాలా ఈజీ అన్నాడట.

ఇక లాభాలు చూడండి. అక్క ఇప్పుడు మోయలేని సంచీ భుజాన వేసుకుని రెండు బస్సులు మారుతోంది. ఏ జిమ్ము ఇస్తుందండీ ఇంత ఆరోగ్యం? పక్షవాతం వచ్చిన టైలరు మాస్టారు అక్క కోసం చూసీ చూసీ విసిగి వేరే ఆవిడని పెట్టుకున్నాడు. అంటే విశ్రాంతి కూడా దొరికిందన్నమాట! ఆ సాయంత్రం అక్క ఏడ్చింది. ఎందుకేడుస్తోందో బావకి అంతుపట్టలేదు. ఆయన పిస్టన్ రింగులు తుడుచుకుంటున్నాడు.

మాటల సంపద కూడా పెరుగుతుంది. తుప్పు పట్టిన బోల్టు ఒకటి పుటుక్కున విరిగి సగం లోపలే ఉండిపోయింది. ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని బావ, ఆ బోల్టు వంశాన్నంతా ఏకిపారేశాడు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ఆ తర్వాత అతుకుల మధ్య వేసే గాస్కెట్లు తెప్పిస్తే వచ్చాయి, ఇంకో మోడల్‌వి. అప్పుడు తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఎడిటరు ఊరుకోడు.

ఇంజన్‌లో ఏ వాల్వు చోట్లో ఆ వాల్వే కూర్చోవాలట. అందుకని బావ వాటిని డైనింగ్ టేబుల్ మీద వరసగా పేర్చి, ముట్టుకోవద్దని అందరికీ చెప్పాడు, కన్నతల్లికి తప్ప. అక్క అత్తగారు శుభ్రత మనిషి. కొడుకు కష్టం చూడలేక అన్నీ సబ్బుతో కడిగి, తుడిచి, కలగలిపి డబ్బాల్లో సర్ది మూతలు పెట్టింది. అది చూసి బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. తల్లిని ఏమీ అనలేక ఆ పూట అన్నం మానేశాడు.

ఆత్మవిశ్వాసం మాటేమిటంటారా? అంతా బిగించాక గుప్పెడు నట్లు మిగిలాయి. కంపెనీవాళ్ళే ఎక్కువ వేశారని బావ తేల్చేశాడు. తీరా తాళం తిప్పితే ఇల్లంతా పొగ, నేలంతా ఆయిల్. మళ్ళీ విప్పాడు. మళ్ళీ బిగించాడు. అక్క మళ్ళీ బస్సెక్కింది.

మొన్న ఉదయం స్టార్టయింది. ఉన్నమాట చెప్పాలి, చక్కగా తిరిగింది. బావ కళ్ళు చెమర్చాయి. నాకూ ముచ్చటేసింది. అక్క సంచీ వెనక సీట్లో పడేసి ఎక్కి కూర్చుంది. అంతలో చినుకులు మొదలయ్యాయి. డోరుకున్న హ్యాండిల్ ఎంత తిప్పినా కిటికీ అద్దం పైకి రాలేదు.

అన్నట్టు, ఇంజన్‌కి వచ్చిన రోగమేమిటని మీరెవరూ అడగనేలేదు! ఏ రోగమూ రాలేదు. నిక్షేపంలా తిరిగేది. అక్క ఆనాడు మొగుణ్ణి అడిగింది ఒక్కటే. అద్దం పైకి రావడం లేదు, వానొస్తే తడిసిపోతున్నాను, కాస్త చూడమంది. బావ సరేనని బానెట్ ఎత్తాడు. ఎత్తడా మరి? అద్దం బాగుచేసిన మగాణ్ణి చూసి చప్పట్లు ఎవరు కొడతారు?

"ఇంజన్ బాగుంది. అద్దమే అలాగే ఉంది" అంది అక్క, ఒళ్ళో నీళ్ళు తుడుచుకుంటూ.

బావ మొహం వెలిగిపోయింది. "అద్దమేనా? సాయంత్రం నాలుగు డోర్లూ విప్పేద్దాం."

అక్క కారు దిగింది. ఆ పనిముట్ల పెట్టె ఇలా ఇవ్వమంది. బావ సంతోషంగా అందించాడు. అక్క దాన్ని డిక్కీలో పెట్టి, తాళం వేసి, తడుస్తూనే కారు నడుపుకుంటూ పనికి వెళ్ళిపోయింది.